కేప్ కెనావెరల్ పాత లాంచ్ ప్యాడ్ల టూరు: బస్సు దిగనిస్తేనే టికెట్ కొనండి

ఫ్లోరిడా వెళ్ళేవాళ్ళలో చాలామంది కెనెడీ స్పేస్ సెంటర్ విజిటర్ కాంప్లెక్స్‌కి వెళ్తారు. పడుకోబెట్టిన చంద్రయాత్రల రాకెట్ శాటర్న్ 5 కింద ఫొటో దిగి, రాకెట్ల చరిత్రంతా చూసేశామని తిరిగొచ్చేస్తారు. అది చూడాల్సిందే, కాదనను. అయితే అమెరికా అంతరిక్ష ప్రయాణం మొదలైంది అక్కడ కాదు. బనానా రివర్‌కి అవతల, అట్లాంటిక్ ఒడ్డున, ఇప్పుడు కేప్ కెనావెరల్ స్పేస్ ఫోర్స్ స్టేషన్ అని పిలుస్తున్న సైనిక స్థావరం లోపల. మొదటి ఉపగ్రహం, మొదటి మనిషి, ఇద్దరేసి వ్యోమగాములు వెళ్ళిన జెమిని ప్రయాణాలు, చంద్రయాత్రలకి ముందు జరిగిన అపోలో 1 విషాదం, అన్నీ ఆ ఒడ్డునే కొన్ని మైళ్ళ పరిధిలో జరిగాయి. సొంతంగా కారేసుకుని వెళ్ళే వీలు లేదు, గైడ్ ఉన్న టూరులోనే వెళ్ళాలి. నేను రాస్తున్నది ఆ టూరు గురించి.

నా ఉద్యోగమంతా కాంక్రీటు కట్టడాల పనిలోనే గడిచింది. కాబట్టి నేను చూసే తీరు కొంచెం వేరుగా ఉండొచ్చు, ముందే చెబుతున్నాను. అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మొదట ఒక పెద్ద బస్సు టూరుకి తీసుకెళ్ళారు. ఏసీ బాగుంది, సీట్లు బాగున్నాయి. కానీ ప్రతి చోటా బస్సు నెమ్మదించడం, మైకులో ‘మీ కుడివైపు చూడండి’ అనడం, అద్దంలోంచి అందరూ ఫోన్లు ఎత్తడం, మళ్ళీ కదలడం. కుడివైపు కూర్చున్నవాళ్ళకి ప్యాడ్ కనిపించింది, ఎడమవైపు వాళ్ళకి పక్కవాళ్ళ తలలు కనిపించాయి. దిగనిచ్చిన ఒక్క చోటా కాలు నేల మీద ఆనేలోపే హారన్ కొట్టారు. చరిత్ర జరిగిన నేల మీదకి తీసుకెళ్ళి, ఆ నేల తొక్కనివ్వకుండా వెనక్కి తేవడం నాకు అన్యాయంగా తోచింది. తర్వాత చిన్న వ్యానులో, తక్కువమందితో నడిచే ఇంకో టూరుకి వెళ్ళాం. రెండు టూర్లలోనూ చూపించిన స్థలాలు దాదాపు అవే, అనుభవం మాత్రం పూర్తిగా వేరు. ఇక నుంచి నేను చెప్పేది ఆ రెండో టూరు సంగతి.

గైడ్ మొదట ఏ ప్యాడ్‌కీ తీసుకెళ్ళలేదు. వ్యానులోనే ఒక పాత ఫొటో చేతికిచ్చి అందరినీ చూడమన్నారు. 1950 జులై 24న ఈ కేప్ నుంచి ఎగిరిన మొట్టమొదటి రాకెట్ బంపర్ 8 అది. జర్మన్ల నుంచి స్వాధీనం చేసుకున్న వీ-2 అనే యుద్ధకాలపు క్షిపణి మీద వాక్ కార్పొరల్ అనే చిన్న అమెరికన్ రాకెట్‌ని కూర్చోబెట్టారు. దాని చుట్టూ నిలబెట్టిన సర్వీస్ టవర్ ఏమిటని చూస్తే, పెయింటర్లు వాడే స్టీలు పరంజా! ఇసుక, పొదలు, ఆ పరంజా, ఒక రాకెట్. పదకొండేళ్ళు తిరక్కుండానే ఇదే ఒడ్డున మనిషిని పైకి పంపారు. ఆ ఫొటో చూశాక మిగతా టూరంతా ఎంత వేగంగా మారిన కాలాన్ని చూస్తున్నామో అర్థమైంది. మంచి గైడ్ చేసే పని ఇదే, కొలబద్ద ముందే చేతిలో పెడతారు.

మొదట దిగింది కాంప్లెక్స్ 26 దగ్గర. ప్యాడ్‌నీ దాని చుట్టూ ఉన్న కట్టడాలనీ కలిపి కాంప్లెక్స్ అంటారు. అమెరికా మొదటి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్ 1 ని 1958 జనవరి 31 రాత్రి 10 గంటల 48 నిమిషాలకి ఇక్కడి నుంచే వదిలారు. ప్యాడ్‌కీ, ప్రయోగాన్ని నడిపే దళసరి గోడల కట్టడం బ్లాక్‌హౌస్‌కీ మధ్య దూరం సుమారు 400 అడుగులు. ఈ అంకె ఎక్కడైనా చదవొచ్చు. గైడ్ మమ్మల్ని ప్యాడ్ దగ్గర నిలబెట్టి, అక్కడి నుంచి బ్లాక్‌హౌస్ దాకా నడవమన్నారు. రెండు నిమిషాలైనా పట్టలేదు. ఇంధనం నింపిన రాకెట్‌కి ఇంత దగ్గరలో మనుషులు కూర్చుని కౌంట్‌డౌన్ నడిపారంటే ఆ గోడల మీద వాళ్ళకి ఎంత నమ్మకం ఉండాలి! కిటికీలకి అనేక పొరలు కలిపిన దళసరి గాజు. దానిలోంచి చూస్తే బయట పచ్చిక కూడా కొంచెం ఆకుపచ్చ నీటిలో మునిగినట్టు కనిపించింది. నేను ఆ గోడ లోతుని కిటికీ చట్రం దగ్గర చేతితో కొలిచి చూశాను, మా మనవడు నా మోచెయ్యి పట్టుకుని లాగేదాకా.

లోపల అప్పటి కన్సోళ్ళు ఉన్నాయి. ఒకదాని మీద స్విచ్‌ల చుట్టూ రంగు వేళ్ళ రాపిడికి పోయి లోహం బయటపడింది. ఎక్కువగా వాడిన స్విచ్ ఏదో, అరుదుగా వాడినది ఏదో లేబుల్ చదవకుండానే తెలుస్తుంది. ఆ రాత్రి రాకెట్ తయారీకి నాయకత్వం వహించిన వెర్నర్ వాన్ బ్రాన్ ఇక్కడ లేరట, వాషింగ్టన్ పక్కన పెంటగాన్‌లో కూర్చుని కబురు కోసం ఎదురుచూశారు. ఇక్కడ ప్రయోగం నడిపింది ఆయన బృందంలోని కర్ట్ డెబస్. ఎక్స్‌ప్లోరర్ బరువు 14 కిలోలు. దాన్ని కక్ష్యలోకి తోసిన పై అంచెల సంగతి గైడ్ చెప్పిన తీరు నాకు చాలా నచ్చింది. రెండో అంచెలో 11 చిన్న ఘన ఇంధన రాకెట్లు, మూడో అంచెలో 3, చివరి అంచెలో 1. ఇన్ని రాకెట్లూ ఒకేలా మండవు, ఒకదాని తోపు ఎక్కువ, ఒకదానిది తక్కువ. అందుకని వాటన్నిటినీ ఒక గుండ్రటి డ్రమ్ములో పెట్టి, నేల మీద ఉన్నప్పుడే మోటార్లతో గిర్రున తిప్పడం మొదలుపెట్టారు. తిరుగుతుంటే తేడాలు ఒకదానికొకటి సర్దుకుంటాయి. పైగా ఆ తిరిగే వేగం కింది రాకెట్ సహజ కంపనంతో కలిసిపోకూడదు, కలిస్తే మొత్తం ఊగిపోతుంది. ఇంధనం తరిగే కొద్దీ రాకెట్ కంపనం మారుతుంది కాబట్టి దారిలో డ్రమ్ము వేగాన్నీ మార్చారు. ఇలా కంపనాలు కలిసిపోయే రెజొనెన్స్‌కి భయపడని ఇంజనీరు ఎవరు? నేను గైడ్‌ని అక్కడే కాసేపు ఆపేశాను. విసుక్కోకుండా కన్సోల్ మీద ఆ వేగం కనిపించే మీటరు ఎక్కడ ఉండేదో కూడా చెప్పారు.

వదిలాక అది కక్ష్యలోకి చేరిందో లేదో తెలియడానికి గంటన్నర పైగా ఆగాలి. ఒక చుట్టు తిరిగి కాలిఫోర్నియా మీదికి వస్తేనే సిగ్నల్ దొరుకుతుంది. అనుకున్నదానికంటే కక్ష్య ఎత్తుగా కుదరడంతో ఆ సిగ్నల్ కొన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అంతకు రెండు నెలల ముందు, 1957 డిసెంబర్ 6న, ఇదే కేప్‌లో ఇంకో ఉపగ్రహాన్ని మొయ్యాల్సిన వాన్‌గార్డ్ రాకెట్ నాలుగడుగులు లేచి కూలబడి పేలిపోయింది. ఉపగ్రహం పక్కకి ఎగిరిపడి బీప్ బీప్ అంటూనే ఉంది. అది దేశమంతా చూసింది. ఆ వెనుక కథ తెలిస్తేనే ఆ కొద్ది నిమిషాలు వాళ్ళకి ఎంత బరువుగా గడిచి ఉంటాయో ఊహించుకోగలం. పెద్ద బస్సు టూరులో ఈ ఎక్స్‌ప్లోరర్ గురించి ఒక్క వాక్యం చెప్పి సాగిపోయారు.

తర్వాత కాంప్లెక్స్ 5. అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి అమెరికన్ అలన్ షెపర్డ్ 1961 మే 5న ఫ్రీడమ్ 7 కాప్స్యూల్‌లో వెళ్ళింది ఇక్కడి నుంచి. 15 నిమిషాల ప్రయాణం, 187 కిలోమీటర్ల ఎత్తు. అంతకు ముందు జనవరి 31న హామ్ అనే చింపాంజీని పంపింది కూడా ఇక్కడి నుంచే. షెపర్డ్ కాప్స్యూల్‌లో కూర్చున్నాక నాలుగు గంటల పైన ఆగాల్సి వచ్చింది. ప్రయాణం పావుగంటే కదా అని ఒంటేలు సంగతి ఎవరూ ఆలోచించలేదు. చివరికి ఒంటికి తగిలించిన సెన్సర్ల కరెంటు ఆపించి, సూట్‌లోనే కానిచ్చేశారు. మా మనవడికి ఇది తెగ నచ్చింది. మిగతావాళ్ళకి కూడా రాకెట్‌లో మనిషి ఉన్నాడన్న మాట ఇక్కడే నిజంగా తట్టి ఉంటుంది.

రెండో టూరు ఎందుకు గొప్పదో ఇక్కడి నుంచి తెలుస్తుంది. షెపర్డ్ కథ ముగించి గైడ్ వ్యానెక్కించలేదు. ‘ఇదే ప్యాడ్ నుంచి రెండో మనిషి కూడా వెళ్ళారు, ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, సాయంత్రం లోపు ఇంకో రెండు చోట్ల వింటారు’ అన్నారు. ఆ మనిషి గస్ గ్రిస్సమ్. 1961 జులై 21న లిబర్టీ బెల్ 7 లో వెళ్ళి క్షేమంగా సముద్రంలో దిగారు. దిగాక కాప్స్యూల్ తలుపు దానంతటదే పేలి ఊడిపోయింది. నీళ్ళు లోపలికి వచ్చేశాయి, ఆయన ఈదుకుంటూ బయటపడ్డారు, కాప్స్యూల్ మునిగిపోయింది. దాన్ని సముద్రం అడుగు నుంచి తీసింది 1999లో. తలుపు ఆయనే పొరపాటున పేల్చారన్న అనుమానం బతికున్నంతకాలం గ్రిస్సమ్‌ని వదల్లేదు. తాను ముట్టుకోలేదని ఆయన చివరిదాకా చెబుతూనే ఉన్నారు.

అక్కడి నుంచి ఉత్తరంగా మిస్సైల్ రో మీదుగా వెళ్తాం. అట్లాస్, టైటాన్ క్షిపణుల కోసం వరసగా కట్టిన ప్యాడ్లు. కొన్నిటిని కొత్త కంపెనీలు తీసుకున్నాయి. కాంప్లెక్స్ 13 ఇప్పుడు లేదు, దాని చోట స్పేస్‌ఎక్స్ బూస్టర్లు దిగడానికి ప్యాడ్ కట్టారు. కాంప్లెక్స్ 36 బ్లూ ఆరిజిన్ కంపెనీ చేతిలో ఉంది, 2025 జనవరిలో వాళ్ళ న్యూ గ్లెన్ రాకెట్ అక్కడి నుంచే ఎగిరింది. పాత కట్టడాలు పోతున్నాయని బాధ ఉంటుంది, నిజమే. కానీ లాంచ్ ప్యాడ్ కట్టింది రాకెట్లు ఎగరడానికే కదా, మళ్ళీ ఎగురుతుంటే నాకు సంతోషమే. ఒక్క కాంప్లెక్స్ 34ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదనిపించింది, ఆ సంగతికి వస్తాను.

కాంప్లెక్స్ 14 దగ్గర, రోడ్డు పక్కన, అమెరికా మొదటి మానవ అంతరిక్ష కార్యక్రమం మెర్క్యురీకి స్మారకం ఉంది. మెర్క్యురీ (బుధ) గ్రహం గుర్తు మధ్యలో 7 అంకె, స్టీలుతో చేసింది. దాని కింద 1964లో పాతిపెట్టిన పెట్టెని 2464లో తెరవాలట. జాన్ గ్లెన్ 1962 ఫిబ్రవరి 20న ఫ్రెండ్‌షిప్ 7 లో ఇక్కడి నుంచే వెళ్ళి భూమిని మూడుసార్లు చుట్టారు. ఆయన కింద ఉన్న అట్లాస్ రాకెట్ సంగతి వింటే ఏ స్ట్రక్చరల్ ఇంజనీరుకైనా గుండె జారుతుంది. ఆ ట్యాంకులకి లోపల ఆధారం ఇచ్చే పక్కటెముకలు లేవు, పలుచటి స్టీలు రేకు మాత్రమే. లోపలి ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. గాలి తీసేస్తే ఫుట్‌బాల్ బ్లాడర్‌లా ముడుచుకుపోతుంది. దాని మీద ఒక మనిషిని కూర్చోబెట్టి కక్ష్యలోకి పంపారు.

కాంప్లెక్స్ 19 దగ్గర దిగి దూరం నుంచే చూశాం. చూడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదు, కానీ 1965, 1966 సంవత్సరాల్లో మనుషులతో వెళ్ళిన 10 జెమిని ప్రయాణాలూ ఇక్కడివే. మొదటిది 1965 మార్చి 23న. కమాండర్ గస్ గ్రిస్సమ్, తోడుగా జాన్ యంగ్. పేరు రెండోసారి విన్నాం. అదే ఏడాది డిసెంబర్ 12న ఇక్కడ జరిగిన ఇంకో ఘట్టం కూడా గైడ్ బాగా చెప్పారు. జెమిని 6ఏ ఇంజన్లు వెలిగి రెండు సెకన్లు కాకముందే ఆగిపోయాయి. రాకెట్ కింద ఒక ప్లగ్గు ముందే ఊడిపోయింది. నియమం ప్రకారం కమాండర్ వాలీ షిరా సీటు పేల్చుకుని బయటికి దూకాలి. ఆయన దూకలేదు. రాకెట్ కదల్లేదని ఒంటితోనే తెలిసిందట. మూడు రోజుల తర్వాత అదే రాకెట్‌లో వెళ్ళారు. ఈ షిరా పేరు కూడా గుర్తుపెట్టుకోమన్నారు.

ఇక కాంప్లెక్స్ 34. ఇతర ప్యాడ్ల కంటే ఇక్కడ ఎక్కువసేపు ఇవ్వడమే ఆ టూరుకి నేను ఇచ్చే మొదటి మార్కు. సర్వీస్ టవర్లన్నీ తుక్కు కింద తీసేశారు. ఖాళీ స్థలం మధ్యలో నాలుగు కాళ్ళ కాంక్రీటు పీఠం ఒక్కటి నిలబడి ఉంది, పైన గుండ్రటి రంధ్రంతో. దాని మీద శాటర్న్ నిలబడేది, మంటలు ఆ రంధ్రంలోంచి కిందికి వచ్చేవి. ఆ మంటని పక్కకి మళ్ళించిన రెండు స్టీలు డిఫ్లెక్టర్లు కొంచెం దూరంలో తుప్పుపట్టి ఉన్నాయి. పీఠం కాలు మీద ‘అబాండన్ ఇన్ ప్లేస్’ అని అచ్చు అక్షరాల్లో రాసి ఉంది, అంటే పడగొట్టొద్దు, మరమ్మతూ చెయ్యొద్దు, ఉన్నచోట ఉండనివ్వండి అని. నేను కాళ్ళ చుట్టూ నెమ్మదిగా తిరిగాను. ఉప్పుగాలి తన పని తాను చేస్తోంది. చువ్వల్ని కప్పే పై పొర కాంక్రీటు కొన్నిచోట్ల పెచ్చులూడి, లోపలి చువ్వలు ఉబ్బి పొరలు పొరలుగా లేచాయి. కింద నేల మీద వేడిని తట్టుకునే ఫైర్ బ్రిక్స్, వాటి సందుల్లో గడ్డి. కానీ కాళ్ళు పీఠాన్ని కలిసే మూలల్లో నేను వెతికిన పగులు కనిపించలేదు. మొదటి శాటర్న్ 1 1961 అక్టోబర్ 27న దీని మీది నుంచే లేచింది. ఎవరు పోశారో కానీ శ్రద్ధగా పోసిన కాంక్రీటు.

1967 జనవరి 27 సాయంత్రం 6 గంటల 31 నిమిషాలకి ఇక్కడ, ఈ పీఠం మీద నిలబడ్డ రాకెట్ కొసన, అపోలో 1 కాప్స్యూల్‌లో మంటలు లేచాయి. లోపల ఉన్నది గస్ గ్రిస్సమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ. గైడ్ ఆ మూడు పేర్లూ చెప్పి, ‘మూడోసారి’ అని మాత్రం అన్నారు. అది ప్రయోగం కాదు, రిహార్సల్. రాకెట్‌లో ఇంధనం లేదు కాబట్టి దాన్ని ప్రమాదకరమైన పరీక్షగా లెక్కేయనే లేదు. కాబిన్ నిండా వాతావరణ పీడనం కంటే ఎక్కువ ఒత్తిడిలో శుద్ధ ఆక్సిజన్, మండిపోయే నైలాన్, వెల్‌క్రో సామాను. తలుపు లోపలికి తెరుచుకునే రకం. మంటకి లోపలి ఒత్తిడి పెరగ్గానే అది బిగుసుకుపోయింది. బయటి సిబ్బంది పొగలో పెనుగులాడి తెరిచేసరికి సుమారు అయిదు నిమిషాలు పట్టింది. ఆరేళ్ళ ముందు అక్కర్లేనప్పుడు ఊడిపోయిన తలుపు ఆ మనిషిని అపకీర్తి పాలు చేసింది. అక్కరపడినప్పుడు తెరుచుకోని తలుపు ప్రాణం తీసింది. ఈ రెండు సంగతులూ నేను విడివిడిగా ఎప్పుడో చదివే ఉంటాను. పొద్దున కాంప్లెక్స్ 5 దగ్గర, మధ్యాహ్నం కాంప్లెక్స్ 19 దగ్గర, తర్వాత 34 దగ్గర నిలబడి వరసగా వింటే తప్ప అది ఒక మనిషి జీవితమని నాకు పట్టలేదు.

దీని తర్వాత తలుపుని బయటికి, కొన్ని సెకన్లలో తెరుచుకునేలా మార్చారు. ప్యాడ్ మీద ఉన్నంతసేపూ కాబిన్‌లో 60 శాతం ఆక్సిజన్, 40 శాతం నైట్రోజన్ ఉంచారు. మండే సామాను తీసేశారు. 1968 అక్టోబర్ 11న ఇదే పీఠం మీది నుంచి అపోలో 7 వెళ్ళింది, కమాండర్ వాలీ షిరా. దాని తర్వాత 34 నుంచి ఇంకేదీ ఎగరలేదు. పీఠం కాళ్ళకి రెండు ఫలకాలు ఉన్నాయి, దగ్గరలో ముగ్గురి పేరుతో మూడు బెంచీలు. ఏటా ఆ తేదీన ఇక్కడ స్మరణ సభ జరుగుతుంది. అమ్మాయి ఫలకం చదువుతూ ఉండిపోయింది. ఇక్కడ గైడ్ తనంతట తానుగా ఏమీ మాట్లాడలేదు, అడిగినవాళ్ళకి మాత్రం పక్కకి వచ్చి జవాబు చెప్పారు. అది తెలిసిన మనిషి చేసే పని.

లోటు చెప్పాలంటే ఒకటి పెద్దదే ఉంది. వీ-2 గురించి, దాన్ని తయారుచేసి తర్వాత అమెరికాకి వచ్చిన ఇంజనీర్ల గురించి గైడ్ ‘జర్మన్ శాస్త్రవేత్తలు’ అని ఆపేశారు. ఆ వీ-2లు జర్మనీలోని మిటెల్‌వర్క్ సొరంగాల్లో నిర్బంధ శిబిర ఖైదీల చేత చేయించినవి, వేలమంది ఆ చాకిరీలో చనిపోయారు. 34 దగ్గర ముగ్గురి చావుని అంత గౌరవంగా చెప్పిన మనిషి ఈ మాట కూడా రెండు నిమిషాలు చెప్పి ఉండాల్సింది. చివర్లో అడిగితే ఒప్పుకున్నారు, అడగనివాళ్ళకి మాత్రం తెలియదు. ఇంకోటి, కాంప్లెక్స్ 5 దగ్గర గాలి హోరుకి వెనకవాళ్ళకి సగం మాటలు వినపడలేదు. చిన్న మైకు పెట్టుకుంటే సరిపోయేది.

వెళ్ళదలచినవాళ్ళకి కొన్ని సంగతులు. బుక్ చేసే ముందు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: 34 దగ్గర దిగనిస్తారా, ఎంతసేపు? ఆగే చోట్ల పేర్లు ఎన్ని చెప్పినా ఈ జవాబు సరిగ్గా రాకపోతే వదిలేయండి. సైనిక స్థావరం కాబట్టి ప్రభుత్వ ఫొటో గుర్తింపు కార్డు లేకుండా గేటు దాటనివ్వరు. అమెరికా పౌరులు కానివాళ్ళకి నిబంధనలు వేరుగా ఉండొచ్చు, పాస్‌పోర్ట్ వివరాలు ముందే అడగొచ్చు, కాబట్టి అమ్మానాన్నలని తీసుకెళ్ళేవాళ్ళు డబ్బు కట్టకముందే తేల్చుకోండి. లాంచ్‌లు ఉన్నప్పుడు టూరు దారి మారుతుంది, రద్దు కూడా అవుతుంది. తిరుగు ప్రయాణానికి ముందురోజు పెట్టుకోకండి. నీడ దాదాపు లేదు, టోపీ, నీళ్ళు, దోమల మందు, ముందు మూసి ఉన్న బూట్లు తప్పనిసరి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు భయపడక్కర్లేదు, నడక తక్కువే, వ్యాను మెట్టు మాత్రం ఎత్తు. టూరు కుదరకపోతే గేటు బయటే శాండ్స్ స్పేస్ హిస్టరీ సెంటర్ ఉంది, ప్రవేశం ఉచితం. ఏ ప్యాడ్ నుంచి ఏ రాకెట్ ఎగిరిందో ప్యాడ్ల వారీగా పెట్టారు. టూరు ఉన్నవాళ్ళు కూడా ముందు అక్కడ ఒక గంట గడిపి వెళ్తే, వ్యానులోంచి కనిపించే ప్రతి కాంక్రీటు దిమ్మకీ పేరు తెలుస్తుంది.